గ్రాఫును ప్రశ్నించిన పట్టిక రావలెనా?

స్టేషన్లను బిందువులుగా, వాటిని కలుపు రైలుమార్గములను రేఖలుగా గుర్తించిన, ఆ చిత్రమును గ్రాఫ్ అందురు. ఇట్టి గ్రాఫులలో దాచిన సమాచారమును కంప్యూటరు నుండి రాబట్టుటకు జి.క్యు.ఎల్. అను ప్రశ్నభాషను అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 2024 ఏప్రిల్‌లో వెలువరించినది. పట్టికల కొరకు ఎస్.క్యు.ఎల్. 1987లోనే అంతర్జాతీయ ప్రమాణమైనది.

కొత్త భాష సుగుణమును ముందు చెప్పవలెను. ఇందు బిందువును కుండలీకరణములలో, సంబంధమును బాణపు గుర్తుతో వ్రాయుదురు. ప్రశ్నయే బొమ్మవలె కనబడును. 2011లో పుట్టిన సైఫర్ భాష నుండి సంక్రమించిన సొంపు ఇది. కంపెనీకొక భాష నేర్వవలసిన బాధయు ఇక తగ్గవచ్చును.

అయితే లోపమొకటి కలదు. రెండు పూర్ణాంకములను కూడినచో పూర్ణాంకమే వచ్చును. దీనిని సంవృత ధర్మమని తరగతిలో బోధింతుము. 1970లో కాడ్ ప్రతిపాదించిన పద్ధతికి ఈ ధర్మమున్నది: పట్టికను ప్రశ్నించినచో పట్టికయే వచ్చును, దానిని మరల ప్రశ్నింపవచ్చును. జి.క్యు.ఎల్.లో మాత్రము గ్రాఫును ప్రశ్నించినచో వచ్చునది పట్టిక. ఒక జంక్షను చుట్టునున్న మార్గములను వేరుచేసి, ఆ చిన్న గ్రాఫులో మరల దారి వెదకవలెనన్నచో, పట్టిక నుండి గ్రాఫును తిరిగి కట్టుకొనవలసినదే. గ్రాఫునకు గ్రాఫే జవాబు కావలెనని 2018లోనే జి-కోర్ అను ప్రతిపాదన సూచించినది. రాబోవు కూర్పు దానిని స్వీకరించినగాని ఈ ప్రమాణము సంపూర్ణము కాజాలదు.