ఆటలో గుంటూరు

ఇంటిలో కూర్చున్నవారికి భూగోళమంతటినీ విమానము నుండి చూపించే ఆట ఒకటి 2020 ఆగస్టులో వెలువడినది. దాని పేరు మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్. అందులో గుంటూరు కూడ కలదు. దూరదేశములో ఉన్న గుంటూరువాడు అందులో తన వీధిని వెదకుకొనుట సహజమే. కాని అతనికి కనబడేది గుంటూరేనా?

ఉపగ్రహములు, విమానములు తీసిన ఛాయాచిత్రములే ఈ ఆటకు పునాది. కొన్ని మహానగరములను అనేక కోణముల చిత్రములతో మలచినారు. తక్కినచోట్ల పైకప్పును చూచి గోడలను ఊహించే పనిని యంత్రమునకు అప్పగించినారు. రహదారులు, చెరువులు, పొలముల గట్లు ఈ పద్ధతికి బాగుగానే లొంగును. కట్టడముల సంగతి వేరు. ఆరు స్తంభములపై నిలిచిన జిన్నా టవరు పైనుండి చూచినచో గుమ్మటము మాత్రమే. పైగా ఛాయాచిత్రము ఒకనాటిది. పత్తిచేలు పచ్చగా ఉండే వానకాలమునకూ, కల్లములు మిరపకాయలతో ఎర్రబారే రోజులకూ అదే రంగు.

యంత్రమునకు అనుమానము కూడ తెలియదు. మెల్‌బోర్న్‌లో ఒక కట్టడము ఈ ఆటలో 212 అంతస్తులతో ఆకాశమునంటినది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉమ్మడి పటములో ఎవరో 2కు బదులు 212 అని వ్రాయుటే కారణము. ఆ వీధివాడైతే ఆ పొరపాటును ఒక్క చూపులో పట్టియుండును.

ఆ పటమును ఎవరైనను దిద్దవచ్చును. కనుక ఆటలో తమ ఊరిని చూచి నవ్వుకొనుటతో సరిపెట్టుకొనక, గుంటూరువారు తమ వీధుల పేర్లను, కట్టడముల ఎత్తులను అందులో సరిగా నమోదు చేయవలెను. ఊరిని ఎరిగినవారు చెప్పనిది యంత్రము ఊహించును.