చందా పుస్తకమునకు ముందు

దాతను కీర్తించుటలో మన వాఙ్మయమునకు అలుపు లేదు. శిబి, కర్ణుడు, రంతిదేవుడు, బలి మున్నగువారి పేర్లు చెప్పనిదే మన పురాణకాలక్షేపము ముగియదు. అడిగినవానిని గూర్చి మాత్రము మంచిమాట పలికినవారు అరుదు. ముల్లోకములను కొలువగల త్రివిక్రముడంతవాడు సైతము చేయి చాచవలసివచ్చినప్పుడు మరుగుజ్జు కావలసివచ్చెనని చెప్పి, యాచనలోని చిన్నతనమును మన పెద్దలు ఉగ్గుపాలతోనే మనకు నేర్పిరి. కావుననే కాబోలు, నేను చదువుకొన్న కళాశాల పూర్వవిద్యార్థుల సంఘమువారు చందాలు సమకూర్చు భారమును నాపై పెట్టినప్పుడు, నన్ను అభినందించినవారికన్న నాపై జాలిపడినవారే యెక్కువ. "ఉద్యోగం చేసినన్నాళ్లూ ఎవరినీ నోరు తెరిచి అడగలేదు కదా, ఇప్పుడెందుకండీ ఈ చందాల గొడవ?" అని మా బావగారు సూటిగానే ప్రశ్నించిరి. ఆనాడు ఆయనకు చెప్పజాలని సమాధానమును, ఈ పనిలో కొంతకాలము గడపిన పిమ్మట, ఈ వారము పాఠకులకు నివేదింపదలచితిని.

తనకొరకు అడుగుట వేరు, విద్యకొరకు అడుగుట వేరు అన్నది ఆ సమాధానములో మొదటిమాట. దీనిని నేను కనిపెట్టవలసిన పనిలేదు. పెద్దలు ఆచరించి చూపియే యున్నారు. 1916 ఫిబ్రవరి 4న కాశీలో హిందూ విశ్వవిద్యాలయమునకు శంకుస్థాపన జరుగుటకు పూర్వము, పండిత మదనమోహన మాలవీయ తన న్యాయవాదవృత్తిని పక్కన బెట్టి, సంస్థానాధీశుల కొలువుకూటములనుండి సామాన్యుల వాకిళ్ల వరకు దేశమంతటను సంచరించి నిధిని కూడబెట్టెను. భిక్షుకులలో రాజని లోకము ఆయనను పిలిచినప్పుడు ఆ మాటలో ఎగతాళి లేదు. చాచిన చేతిలో పడిన సొమ్మునందు ఒక్క కాసైనను ఆ చేతికి అంటుకొనదని ఇచ్చినవారందరును ఎరుగుదురు.

ఇక ఇచ్చిన సొమ్మును నిలుపు విధానమందురా, అదియును మనకు క్రొత్తది కాదు. కాకతి రుద్రమదేవి కాలమున, 1261లో, కృష్ణాతీరమున మందడము చెంత వెలసిన మల్కాపుర శాసనమును చదివినవారికి, రాజగురువులైన విశ్వేశ్వర శివాచార్యులు తమకు లభించిన గ్రామముల ఆదాయమును గుడికిని మఠమునకును మాత్రమే గాక, విద్యాశాలకును, అన్నసత్రమునకును, ఆరోగ్యశాలకును, ప్రసూతిశాలకును పంచియిచ్చిన తీరు విదితమే. భూమి చెక్కుచెదరకుండ నిలిచి, దానిపై పండిన పంట మాత్రమే వ్యయమగుట ఆ ఏర్పాటునందలి కీలకము. నేడు అమెరికా విశ్వవిద్యాలయములు తమ శాశ్వతనిధులను నడుపు సూత్రమును ఇంతకు మించినది కాదు: మూలధనమును ముట్టుకొనక, ఏటేట అందులో నూటికి నాలుగైదు వంతులు మాత్రమే ఖర్చుపెట్టుదురు. హార్వర్డు నిధి 5,000 కోట్ల డాలర్లను దాటియున్నదనగా మనము నోరు తెరతుము గాని, దాని వెనుకనున్న బుద్ధి మందడము రైతుకు బోధపడనంత వింతది కాదు.

అయితే మన దేశమున ఇచ్చువాడు చిరకాలము రాజే. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు అవతరించి, కట్టమంచి రామలింగారెడ్డిగారు దానికి తొలి ఉపాధ్యక్షులై నడుపనారంభించిన పిమ్మట, జయపురాధీశులైన విక్రమదేవ వర్మగారు ఏటేట లక్ష రూపాయల వంతున ఇచ్చి ఆ సంస్థను నిలబెట్టిన ఉదంతము వాల్తేరులో చదివినవారికి సుపరిచితము. విజ్ఞానశాస్త్ర కళాశాలకు ఆయన పేరే పెట్టిరి. సంస్థానములును జమీలును గతించిన పిమ్మట ఆ స్థానమును ప్రభుత్వము ఆక్రమించినది. ప్రభుత్వపు బొక్కసమునకు వేయి వాకిళ్లు గనుక, విద్యకు దక్కవలసిన పాలు ఏటికేడు ఆలస్యముగను, అరకొరగను అందుట మొదలైనది. రాజు లేడు, సర్కారు చాలదు, ఇక మిగిలినవాడెవడు? ఆ బల్లలపైననే కూర్చుండి చదువుకొని పోయినవాడు.

ఈ మూడవ దాతను మొట్టమొదట వ్యవస్థగా రూపొందించినవారు ఏల్ విశ్వవిద్యాలయమువారని చెప్పుదురు. ఆ పేరు వెనుక మన తీరపు కథ యొకటి దాగియున్నది. ఎలైహు ఏల్ అను నతడు 1687 మొదలు 1692 వరకు చెన్నపట్టణపు సెయింట్ జార్జి కోటకు గవర్నరు. అక్కడ సొంతవ్యాపారముతో అపారధనము గడించి, అవినీతి ఆరోపణలతో పదవి పోగొట్టుకొని, ఇంగ్లండు చేరినవాడు. అతని ఏలుబడిలో ఆ కోటనుండి బానిసలను ఓడలకెక్కించిన మచ్చయును కలదు. కనెక్టికట్‌లోని ఒక చిన్న విద్యాలయమునకు సహాయము చేసినచో మీ పేరు శాశ్వతముగా నిలుచునని కాటన్ మాథర్ అను మతాచార్యుడు అతనికి లేఖ వ్రాసెను. 1718లో అతడు తొమ్మిది మూటల సరకును, 417 పుస్తకములను, రాజైన మొదటి జార్జి చిత్రపటమును పంపగా, సరకు అమ్మిన మీదట 562 పౌన్లు వచ్చినవి. విద్యాలయము అతని పేరు ధరించినది. అతడు అక్కడ చదువలేదు, ఆ ఊరిని చూచి యెరుగడు కూడ. ఇంత చౌకగా ఇంత కీర్తిని కొన్నవాడు చరిత్రలో మరియొకడు కానరాడు.

అదే విద్యాలయమున 1890లో పూర్వవిద్యార్థులు ఒక వార్షికనిధిని స్థాపించిరి. దాని ఉద్దేశము బహుసరళము: చదువు ముగించి వెళ్లిన ప్రతివాడును, శక్తికొలది, ఎంత స్వల్పమైనను, ప్రతి సంవత్సరమును ఏదో యొకటి ఇచ్చుచుండవలెను. ఒకే గోడపై ఒకే పేరు చెక్కించుకొను దానమునకును, ఏ గోడపైనను పేరు లేని వేలమంది యిచ్చు దానమునకును గల అంతరము ఈ రెండు తేదీల నడుమనున్న నూటడెబ్బది యేండ్లలో ఇమిడియున్నది. నేను చేపట్టిన చందాపని ఈ రెండవ తెగకు చెందినది. అందుచేత దానిని గూర్చియే నాకు తెలిసిన నాలుగు మాటలు చెప్పెదను.

ఈ పనికి మొదటి ఉపకరణము వాక్చాతుర్యము కాదు, చిరునామాల పుస్తకము. ఎవరెక్కడ నున్నారో, ఎవరి తల్లిదండ్రులు గతించిరో, ఎవరి పేరునకు ముందు ఇప్పుడు 'కీర్తిశేషులు' అని చేర్చవలసియున్నదో తెలియనివాడు అడుగుటకు అర్హుడు కాడు. రెండవది, మొదటి ఉత్తరమున డబ్బు మాట ఎత్తరాదు. పాతికేండ్లు పలుకరింపని సంస్థ పలుకరించిన మరుక్షణమే చేయి చాచినచో, ఆ చేయి ఎవరికైనను రోతయే. మూడవది, అధ్యక్షుని సంతకముతో అచ్చొత్తిన విన్నపముకన్న, ఒకే గదిలో చాపలు పరచుకొని పడుకొన్న సహాధ్యాయి ఫోనులో అన్న "ఏరా, నువ్వేమీ వెయ్యలేదట?" అను మాటకు ఫలమెక్కువ. నాలుగవది జమాఖర్చు: నిరుడిచ్చిన సొమ్ము ఏమైనదో చెప్పనిదే ఈయేడు అడుగరాదు. మిగిలినదంతయు కాగితముల పని. పన్ను మినహాయింపునకు తగిన రశీదు కావలెను. అమెరికాలోనున్న ఇద్దరు సహపాఠులలో భారత పౌరసత్వమును నిలుపుకొన్నవాడు తన సంపాదనలోనుండి పంపినది స్వదేశపు సొమ్ముగను, పౌరసత్వము మార్చుకొన్నవాడు పంపినది విదేశీ విరాళముగను లెక్కకు వచ్చును. ఆ రెండవదానికి వేరే అనుమతియు, ఢిల్లీలోని స్టేటు బ్యాంకు శాఖలో వేరే ఖాతాయు ఉండితీరవలెను. ఒకే పళ్లెములో తిన్న చెలికాండ్రను చట్టము రెండు పద్దులలో వ్రాయించునన్నమాట.

ఈ మెలకువలన్నియు నేర్చిన పిదప గూడ, కొందరు అడుగకమునుపే ఇచ్చుటయు, కొందరు ఎంత అడిగినను ఈయకుండుటయు చూచి చాలకాలము ఆశ్చర్యపడితిని. ధనము దీనికి కారణము కాదు. హైదరాబాదున పరిశ్రమలు నడుపుచున్న యొక పెద్దమనిషి నన్ను ఆదరముతో కూర్చుండబెట్టి, కాఫీ తెప్పించి, నా మాటలన్నియు సాంతము విని, ఇట్లనెను: "మార్కుల జాబితా కోసం మా నాన్న ఆ ఆఫీసు కిటికీ దగ్గర పొద్దున్నించి సాయంత్రం దాకా నిలబడ్డాడండీ. లోపలున్నాయన తలెత్తి చూడలేదు. మా ఊరి బడికి ఎంతైనా ఇస్తాను గానీ, ఆ కిటికీకి మాత్రం ఇవ్వలేను." ఇందుకు నాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. మరియొకచోట, పింఛనుపై జీవించుచున్న విశ్రాంత ప్రధానోపాధ్యాయిని యొకామె, కళాశాల తెరచు వేళకు ఏటేట తప్పక కొంత సొమ్ము పంపుచుండును. కారణమడుగగా, గ్రంథాలయపు అటెండరొకడు, హాస్టలులో చోటు దొరకక బంధువుల యింట తలదాచుకొన్న ఆమె పుస్తకము మూయువరకు దీపమార్పక కాచుకొని యుండెడివాడట. "ఆ డబ్బు ఎవరి పరీక్ష ఫీజుకి వెళ్లిందో పేరు చెప్పకండి నాయనా, ఆ పిల్ల ఏం చదువుతోందో చెప్పండి చాలు" అని మాత్రము ఆమె కోరును.

ఆ యిద్దరి మాటలును ప్రక్కప్రక్కన బెట్టుకొని చూచినప్పుడు నాకు తెల్లమైనదేమనగా, చందా వసూలు చేయువారము మేము కానే కాము. ఆ కిటికీలోని గుమాస్తా యొకనాడు చేసిన వసూలు శూన్యము. ఆ అటెండరు చేసిన వసూలు నేటికిని వచ్చుచునే యున్నది. విద్యార్థి దరఖాస్తు పట్టుకొని వాకిట అడుగుపెట్టిన క్షణమున ఈ యాచన మొదలగును. హాస్టలు వార్డెను, మెస్సులో వడ్డించు మనిషి, ప్రయోగశాల సహాయకుడు, తప్పు దిద్దుచు తలనిమిరిన అధ్యాపకుడు, వీరందరును తమకు తెలియకయే చందా పుస్తకములు పట్టుకొని తిరుగువారు. ఇరువదేండ్ల తరువాత రశీదు వ్రాయుట మాత్రమే మా వంతు. వసూళ్లు పెంచుడని సమావేశములలో మమ్ము హెచ్చరించు యాజమాన్యములు, ముందు తమ కిటికీలను చూచుకొనుట మేలు.

ఇచ్చిన సొమ్ము చేయు మేలును గూర్చి గూడ కొంత చెప్పవలెను. నందన్ నీలేకని బొంబాయి ఐఐటిలో 1973లో చేరినవాడు. ఏబదేండ్లు నిండిన సందర్భమున, 2023లో, ఆ సంస్థకు 315 కోట్ల రూపాయలిచ్చెను. 1970లో మద్రాసు ఐఐటిలో ఎం.టెక్. పూర్తిచేసిన చివుకుల కృష్ణగారు 2024లో తమ విద్యాలయమునకు 228 కోట్లు సమర్పించిరి. ఇట్టి దానములతో పరిశోధనాలయములు వెలయును, ఆచార్యపీఠములు నిలుచును, సంతోషము. కాని ఈ విద్యాలయములు ప్రజాధనముతో పెరిగినవనియు, వాని పట్టభద్రులు కోట్లకు పడగలెత్తుట సులభమనియు మరువరాదు. జిల్లా కేంద్రమునందలి ప్రభుత్వ కళాశాలనుండి వచ్చినవారు బడిపంతుళ్లు, గుమాస్తాలు, నర్సులు, రైతులు. వారిని అడిగినవాడే లేడు. పెద్దదానములు కలిగినచోటికే చేరుచుండ, చిన్నదానముల అవసరము మిక్కిలిగా నున్నచోట అడుగు నోరు లేకపోవుట నేటి దుఃస్థితి. ఫీజు రీయింబర్సుమెంటు ఆలస్యమై ధ్రువపత్రము ఆగిపోయిన పిల్లవానికిని, మెస్సు బకాయి తీర్పలేక పరీక్షల ముందు ఊరికి మరలిన పిల్లకును, కావలసినది కోట్లు కాదు, కొన్ని వేలు; అవి సమయమునకు అందుటయే ప్రధానము.

దాతలు గూడ ఈ సూక్ష్మమును కొంత గ్రహింపవలసియున్నది. రజతోత్సవమునకు కూడిన బృందము సాధారణముగా ముఖద్వారమునో, విగ్రహమునో కట్టింతుమనును. దేవాలయములలో ట్యూబులైటు మీద దాత పేరు వ్రాయించి వెలుగునే కప్పివేయు అలవాటు చదువుల గుడిలోనికిని ప్రవేశించినది. కట్టిన భవనమును ఊడ్చువానికి జీతమెవరిత్తురన్న ప్రశ్న శంకుస్థాపననాడు ఎవరికిని తోచదు. షరతు లేని చిన్నసొమ్ము, అవసరమెక్కడ నున్న అక్కడికి పోగల సొమ్ము, నిర్వాహకుల దృష్టిలో బంగారమునకన్న విలువైనది. దానికి ప్రతిఫలముగా వారు చూపవలసినది పైసా పైసాకు లెక్క.

లెక్కల మాట వచ్చినది గనుక మరియొక సంఖ్యను గూర్చియు చెప్పవలెను. అమెరికాలో కళాశాలలకు స్థానములు నిర్ణయించు నొక ప్రసిద్ధ పత్రిక, పూర్వవిద్యార్థులలో నూటికెందరు ఇచ్చిరన్నదానిని చిరకాలమొక కొలతగా నుంచి, 2023లో తొలగించెను. కొలత యని తెలిసిన వెంటనే, సంఖ్య పెంచుటకై ఒక్కొక్క డాలరు చొప్పున అడిగి పుచ్చుకొను తంత్రములు బయలుదేరుట సహజము. దానమిచ్చిన కుటుంబముల పిల్లలకు ప్రవేశమున పెద్దపీట వేయు దురాచారము అక్కడ మరియొక అపకీర్తి. కావున నూటికెందరు ఇచ్చిరన్న ఈ సంఖ్యను పత్రికలలో ప్రకటించుకొనుట నాకు సమ్మతము కాదు. పాలకమండలి తలుపులు మూసుకొని, తనలో తాను చదువుకొనవలసిన సంఖ్య యది.

పూర్వము మన యూళ్లలో వారములు చెప్పుకొని, రోజుకొక ఇంట భుజించి చదువుకొన్న పిల్లలుండెడివారు. వారిలో ఎవడును పెద్దవాడై ఆ అన్నమును ఆ యింటికి తిరిగి యీయలేదు. తన యింట మరియొక పిల్లవానికి వారమిచ్చెను. మా బావగారికి నేను చెప్పవలసిన సమాధానమున మిగిలిన సగమిదియే: నేను అడుగుచున్నది కళాశాలకు తీర్పవలసిన బాకీని కాదు, ముందునకు సాగవలసిన వారమును. అది సాగుటయు ఆగుటయు నా అడుగుటలో లేదు. ఆనాడు ఆ యింటి యిల్లాలు ఏ ముఖముతో వడ్డించెనో దానిలో నున్నది. ఈ సంగతి తెలిసినందున ఇటీవల మా సంఘము వార్షిక సమావేశములో, చందాల లక్ష్యమును పెంచుటకు బదులు, కళాశాల కార్యాలయమున ధ్రువపత్రము లెన్నిదినములలో ఇచ్చుచున్నారో నెలనెల విచారించుటకు ఒక ఉపసంఘమును ఏర్పరుపవలెనని తీర్మానము ప్రవేశపెట్టితిని. కొంత వాదము జరిగినను, అది నెగ్గినది.