మాధవి అడ్డు, సత్యభామ ఆట

జంటగా చేసే నృత్యంలో ఇద్దరి మధ్య పొందిక ఎలా ఏర్పడుతుంది? ఒకరు నడిపించినట్లు మరొకరు నడవడం వల్లనే అని సాధారణంగా అనుకుంటాం. వట్లూరు, ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాల విద్యార్థుల్లో కోలాటం ఆడినవారు, కనీసం చూసినవారు చాలామందే ఉంటారు. ఎదుటివారు కోలను మరీ వదులుగా పట్టుకుంటే మన దెబ్బ పలకదు. మరీ బిగిస్తే చేయి అదురుతుంది. కోలకు కోల తగినంతగా ఎదురు నిలిస్తేనే తాళం వినిపిస్తుంది. అయితే కోలాటంలో కోపు మార్చేది గురువు. జంట అప్పటికప్పుడు కల్పించుకొనేది తక్కువ. 1972లో అమెరికాలో స్టీవ్ పాక్స్‌టన్ మొదలుపెట్టిన కాంటాక్ట్ ఇంప్రొవైజేషన్‌లో ఇద్దరు నర్తకులు ఒకరి బరువును ఒకరు ఆనుకొని, ముందుగా అనుకోని కదలికలను కనుగొంటారు. అక్కడ ఎదురు నిలిచేది శరీరం. కూచిపూడి భామాకలాపంలో ఎదురు నిలిచేది మాట.

సిద్ధేంద్రయోగి కూర్చినదిగా సంప్రదాయం చెప్పే ఈ కలాపంలో సూత్రధారుడే సత్యభామ ఎదుట మాధవి అవుతాడు, కృష్ణుని ఎదుట మాధవుడవుతాడు. దరువుల సాహిత్యం, రాగతాళాలు ముందే స్థిరపడినవి. కల్పనకు చోటున్నది దరువుల నడుమ సాగే సంభాషణలో, సంచారీ అభినయంలో. భర్తను తీసుకురమ్మని సత్యభామ కోరగానే మాధవి బయలుదేరితే కథ అక్కడితో సరి. ఆమె బయలుదేరదు. భర్త ఎవరో చెప్పమంటుంది. భర్త పేరు పలకకూడదన్న ఆచారం సత్యభామకు అడ్డు. సిగ్గుపడుతూ ఆనవాళ్లు చెబుతుంది. మాధవి తెలియనట్లే ఉంటుంది. తెలియలేదన్న ప్రతిసారీ సత్యభామ పాత్రధారి మరో చూపు, మరో హస్తం, మరో భంగిమ వెతుక్కోవాలి. లేఖ తీసుకువెళ్లడానికి మాధవి ముక్కుపుడకనే అడిగినప్పుడు సత్యభామ బెట్టుచేస్తుంది, బతిమాలుతుంది, చివరికి ఇస్తుంది. ఆమె గర్వం మెట్టుమెట్టుగా దిగడం మనం చూడగలుగుతున్నామంటే కారణం మాధవి తొందరపడకపోవడమే.

వేదాంతం సత్యనారాయణశర్మ (1935–2012) సత్యభామ పాత్రతో విశేష కీర్తి పొందారు. ఇటువంటి నటులను మెచ్చుకొనేటప్పుడు నడకను, జడను, కన్నులను వర్ణించి ఊరుకోవడం మనకు అలవాటు. ఎదుట నిలిచిన మాధవికి దక్కవలసిన వాటా దక్కదు. మాధవి పాత్రధారికి కావలసింది హాస్యం ఒక్కటే కాదు, ఎక్కడ ఆపాలో తెలియడం కూడా. జనం నవ్వుతున్నారు కదా అని చమత్కారాలు పొడిగిస్తే సత్యభామ విరహం చెదిరిపోతుంది. అప్పుడది ఎదురు నిలవడం కాదు, దారి మూసేయడం.

నేడు వేదికలపై ప్రవేశ దరువును ఏకవ్యక్తి ప్రదర్శనగా తరచు చూస్తున్నాం. నేర్పుగల నర్తకి మాధవిని కూడా తన అభినయంతోనే చూపగలదు. కానీ ఆ మాధవి నర్తకి అనుకున్నదే అడుగుతుంది, అనుకున్నప్పుడే ఒప్పుకుంటుంది. రికార్డు చేసిన సంగీతానికి ఆడినప్పుడు నష్టం ఇంకా ఎక్కువ. మాధవి ఎంతసేపు బెట్టుచేయాలో యంత్రం ముందే నిర్ణయించి ఉంటుంది. సత్యభామ ఆ పూట మరింత బతిమాలాలనుకున్నా పాట ఆగదు. ఖర్చు, వాద్యబృందం కొరత వంటి ఇబ్బందులు నిజమే. అయినా దీనిని సౌకర్యమనే పేరుతో తేలిగ్గా తీసుకోలేం. పోతున్నది వాద్యాల సజీవ ధ్వని మాత్రమే కాదు, కాదనగలిగిన మరో మనిషి.

అభ్యాసం: భామాకలాపం ప్రదర్శన ఒకటి చూసి, మాధవి కాదన్న ప్రతి సందర్భంలో సత్యభామ అభినయం ఎలా మారిందో ఒక పేజీకి మించకుండా రాయండి.