తాకట్టు విద్య

మన దేశమున చలనచిత్రవిద్యకు లభించిన తొలి విద్యార్థివేతనములలో ఒకటి జీవితబీమా పత్రము. దాదాసాహెబ్ ఫాల్కే ఆ పత్రమును కుదువబెట్టి, వచ్చిన పదివేల రూపాయలతో 1912లో లండను నగరమునకు ఓడనెక్కి, అచ్చట చిత్రనిర్మాణపు మెలకువలు గ్రహించి, మరుసటి సంవత్సరమే ‘రాజా హరిశ్చంద్ర’ను ప్రజల ముందుంచెను. మన తెలుగువారి కథయు ఇంచుమించు ఇట్టిదే. మచిలీపట్టణమునుండి మదరాసు చేరి ఛాయాగ్రాహకుడుగా పేరొందిన రఘుపతి వెంకయ్యనాయుడు, బొమ్మతోపాటు ధ్వనిని వినిపించు క్రోనోమెగాఫోను అను యంత్రముపై మనసుపడి, స్టూడియోను తాకట్టుపెట్టి ముప్పదివేల రూపాయలకు దానిని తెప్పించెను. అటుపిమ్మట తన కుమారుడు ప్రకాశును చిత్రవిద్య నేర్చి రమ్మని ఇంగ్లండునకు పంపెను. ఆ కుమారుడు తిరిగివచ్చి 1921లో ‘భీష్మప్రతిజ్ఞ’ను తీసెను. ‘పథేర్ పాంచాలీ’ నడుమ ఆగినప్పుడు పశ్చిమ బెంగాలు ప్రభుత్వము ధనమిచ్చి ఆదుకొన్న మాట నిజమేగాని, అప్పటికే దర్శకుడు సత్యజిత్ రాయ్ గారి ఇల్లాలి నగలు తాకట్టుకు వెడలియుండెను. తాకట్టు పెట్టుటకు ఏదో ఒకటి ఉన్నవారే ఈ విద్యకు చేరువైరనుట ఈ చరిత్రలన్నిటిని కలిపి చదివినవారికి తోపకమానదు.

నేను నివసించు వండూర్ గ్రామమున తాకట్టు పెట్టదగిన వస్తువులు స్వల్పము. పోర్టుబ్లెయిరు నుండి, అనగా 2024 నుండి శ్రీ విజయపురమని పిలువబడుచున్న పట్టణమునుండి, సుమారు గంట ప్రయాణమున ఉన్న ఈ ఊరు మహాత్మాగాంధీ సాగర జాతీయోద్యానమునకు ముఖద్వారము. 1983లో ఏర్పడిన ఈ ఉద్యానమునందలి జాలీబాయ్ దీవికి పోవు యాత్రికుల సంచులను వెదకి, ప్లాస్టిక్ సీసాలను తీయించి, పిమ్మటగాని పడవ ఎక్కనీయరు. శ్రీకాకుళము, విశాఖపట్టణపు తీరములనుండి తరతరములుగా వచ్చి ఈ దీవులయందు వలలు వేసి స్థిరపడిన మనవారు కొల్లలు; 2011 జనగణన ననుసరించి ఇచ్చటి జనమున సుమారు పదమూడు శాతమునకు మాతృభాష తెలుగే. ఈ దీవుల పేరిట చిత్రములు లేకపోలేదు, 1979లో వి. మధుసూదనరావు గారు ‘అండమాన్ అమ్మాయి’ తీసిరి. హైదరాబాదున నటశిక్షణాలయము నెలకొల్పి ఎందరికో అభినయము నేర్పించినదియు ఆయనయే. అయినను తెరపై పేరు మాత్రమే పొందిన ఈ దీవులనుండి తెర వెనుకకు పోయిన తెలుగు బిడ్డడు నాకెవడును తారసపడలేదు.

అట్లు పోదలచిన ఒక బాలుడు మా వీధిలో నున్నాడు. 2004 నాటి ఉప్పెన పిదప పుట్టినవాడు. ఆ ఉప్పెన కూల్చిన మహావృక్షముల మొద్దులు నేటికిని మా తీరమున పడియుండగా, వానిని ఉదయమొక తీరుగను, సాయంకాలమొక తీరుగను సెల్‌ఫోనులో చిత్రించి, ఆ ఫోనులోనే కూర్చి, నాకు చూపుచుండును. వాని దృష్టి నిలుకడగలది. ధ్వనిపై మాత్రము ఇంకను శ్రద్ధ కుదరలేదు, అలల రొదలో మనుష్యుల మాటలన్నియు మునిగిపోవుచుండును. పూనెలో ప్రభాత్ స్టూడియో ఆవరణమున 1960లో వెలసిన చలనచిత్ర విద్యాసంస్థ, కలకత్తాలో 1995లో సత్యజిత్ రాయ్ పేర స్థాపింపబడిన సంస్థ, ఈ రెంటి పేర్లను వాడు కంఠస్థము చేసినాడు. వాని తండ్రి చేపల పడవవాడు. ఒకనాడు నా వాకిట కూర్చుండి, ఆయన అడిగిన ప్రశ్న ఇది:

“మాస్టారూ, ఈ సదువయ్యాక మావోడికి జీతం ఏ నెల నుంచి ఒస్తాదండి?”

విద్యారుణమును నిర్ణయించువారి యెదుట ఉండు ప్రశ్నయు ఇదియే. బ్యాంకుల ఉమ్మడి నమూనా పథకమున ఏడున్నర లక్షల వరకు ఆస్తి తాకట్టు అక్కరలేదు, అటుపైన ఆస్తి చూపవలయును. చదువు సాగినంతకాలమును, తరువాత ఒక సంవత్సరమును విరామమిచ్చి, పిమ్మట నెలనెల వాయిదా కట్టించుకొందురు. ఇంజనీరుకు, నర్సుకు తగిన కొలత ఇది. ఛాయాగ్రాహకుని సహాయకునికి నెలజీతముండదు; ఒక చిత్రమునకు పిలుపు వచ్చును, అది ఆగిపోవును, మరియొక పిలుపునకు ఆరు మాసములు ఎదురుచూడవలయును. వాయిదా మాత్రము ప్రతిమాసమును ఠంచనుగా వచ్చును.

చదువు కాలమైనను నిశ్చయమా అనిన, అదియును కాదు. దర్శకత్వము, ఛాయాగ్రహణము, కూర్పు, శబ్దగ్రహణము మూడేండ్ల చదువులని కాగితముపై నుండును; కాని 2015లో పూనె సంస్థ విద్యార్థుల సమ్మె దేశమంతట మారుమ్రోగినప్పుడు, 2008లో చేరినవారి డిప్లొమా చిత్రములు ఇంకను పూర్తికాలేదను సంగతి లోకమునకు తెలిసినది. ఏడేండ్లు! దీనికి విద్యార్థుల సోమరితనమును, పాలకుల అలసత్వమును ఎవరికి తోచినంత వారు పంచిపెట్టిరి. నాకు తోచినది వేరు. చిత్రము తీయుట నేర్చుటయన పలుమారులు చెడగొట్టి మరల తీయుట. చెడగొట్టు హక్కునకు వెల కట్టిన పథకము నా యెఱుకలో లేదు. ఆంధ్రదేశమున ఫీజు రీయింబర్స్‌మెంటు కలదుగాని, అది అక్కడి స్థానికులకు. మా పిల్లలు తెలుగువారేయైనను స్థానికతచేత ద్వీపవాసులు. పైగా అది ఫీజునకే పరిమితము. మూడు దినముల ఓడ ప్రయాణమునకు, పరనగరపు గది అద్దెకు, పట్టా చేతికి వచ్చిన పిదప పని దొరకని ఆ మొదటి రెండేండ్ల భోజనమునకు అందు లెక్క లేదు. ఆ రెండేండ్లకే సాయము అధికముగా కావలయునని నా అభిప్రాయము. ఫీజు సాయములో సగము తగ్గించి ఆ సొమ్మును అటు మరల్చినను తప్పులేదందును. నాతో ఏకీభవించువారు అరుదు.

ఈ మాటలన్నియు ఆ తండ్రికి చెప్పలేదు. ముందుగా ఆదాయ ధ్రువపత్రము, స్థానికత పత్రము తహసీల్దారు కచేరినుండి తెప్పించుకొనుమనియు, సాయములన్నిటికి మొదటి మెట్టు అవియే యనియు, పడవను మాత్రము ఎట్టి స్థితిలోను తాకట్టు పెట్టవద్దనియు చెప్పితిని. ఆయన నవ్వెను.

“పడవ మా అన్నదమ్ములు ముగ్గురిదీనండి. నానొక్కడినీ తాకట్టెట్టడానికి అవ్వదు.”