అన్ని మానులకూ ఒక్క రంపమేనా?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలలో చెట్టుకోత ఒకే రకమైన పని కాదు. టమోటా తోటలకు ఊతకర్రలుగా పనికివచ్చే సన్నని నీలగిరి, సరుగుడు కొయ్య ఒకవైపు. కాపు తగ్గిన ముదురు మామిడి మాను ఇంకొకవైపు. గాలివానకు రోడ్డు పక్కన కూలిన చింతమాను మరొకవైపు. గొడ్డలి, ఇద్దరు చెరొకవైపు పట్టి లాగే పెద్దరంపం చేసిన ఈ పనులన్నిటికీ ఇప్పుడు పెట్రోలు గొలుసు రంపం వచ్చింది. ఒక్క యంత్రం కొని అన్ని పనులూ జరుపుకోవాలనే కోరిక సహజమే. “ఇది అన్ని పనులకూ పనికివస్తుంది” అని అమ్మేవారు చెప్పడమూ సహజమే. ఐతే ఆ మాటను ఏ కొలతతో పరీక్షించాలి? మన దుకాణాలలో సాధారణంగా వినబడే ప్రశ్నలు రెండే: “ఎన్ని సి.సి.? బారు ఎన్ని అంగుళాలు?” ఈ రెండు కొలతలూ అవసరమైనవే, కాని వీటిని మాత్రమే నమ్మినవారు తరచుగా మోసపోతున్నారు.

ఈ యంత్రపు చరిత్రే ఆ సంగతి చెబుతుంది. జర్మనీలో ఆండ్రియాస్ స్టీల్ 1926లో విద్యుత్తుతో నడిచే గొలుసు రంపాన్ని తయారుచేశాడు. 1927లో ఎమిల్ లెర్ప్ థురింజియాలోని డోల్మర్ కొండ మీద పెట్రోలు రంపాన్ని నడిపి చూపాడు. ఆ తొలి యంత్రాలు ఇద్దరు పట్టితేగాని కదిలేవి కావు. వాటి పళ్లు చేతిరంపపు పళ్లవంటివే గనుక కొయ్యను గీరి పొడిచేసేవి, త్వరగా మొద్దువారేవి. 1946లో అమెరికాలోని ఆరెగాన్‌లో చెట్లుకొట్టే జోసెఫ్ కాక్స్ ఒక మొద్దును తొలుస్తున్న పురుగును చూశాడు. దాని దవడలు కుడికి, ఎడమకు మారిమారి ఆడుతూ గట్టి కొయ్యను సులువుగా చెక్కుతున్నవి. ఆ దవడలను అనుకరించి ఆయన చేసిన గొలుసు 1947లో అమ్మకానికి వచ్చింది. నేటి గొలుసులు ఆ వంశానివే. ఇంజనుకన్న ముందు పన్ను మారింది. పన్ను మారినందువల్లనే రంపం మారింది. కోసేది పన్ను, ఇంజను దానిని నడిపిస్తుంది, అంతే.

ఇక సి.సి. సంగతి. సిలిండరు వ్యాసం 44.7 మి.మీ., పిస్టను కదిలే దూరం 32 మి.మీ. ఐతే, ఆ కదలికలో పిస్టను ఖాళీచేసే చోటు 50.2 ఘన సెంటీమీటర్లు. ఇది ఇంజను కడుపు ఎంతో చెప్పే లెక్క. బలం ఎంతో చెప్పే లెక్క కాదు. మంచి వృత్తిరంపం 50 సి.సి.తోనే సుమారు 3 కిలోవాట్ల శక్తినిస్తుంది. బజారులో 58 సి.సి. అని ముద్రవేసిన చౌక రంపాలలో అనేకం, వాటి పెట్టెల మీది అంకెల ప్రకారమే, 2.2 నుంచి 2.4 కిలోవాట్లు మాత్రమే ఇస్తవి. పెద్ద కడుపు, చిన్న బలం! కొనేవారు అడగవలసింది సి.సి. కాదు, ఎన్ని కిలోవాట్లు, ఎన్ని కిలోలు అని.

బారు పొడవు కూడా ఇట్టిదే. బారు పొడవైనకొద్దీ ఒకేసారి ఎక్కువ పళ్లు కొయ్యలో పడతవి. ఇంజనుకు బలం చాలకపోతే గొలుసు వేగం తగ్గి, కోత నిలుస్తుంది. క్లచ్చి జారి వేడెక్కుతుంది. 16 అంగుళాల బారుతో రెండువైపులనుంచి కోసి, అంతకుమించిన లావుగల మానును కూడా పడవేయవచ్చును. అందుచేత 50 సి.సి. రంపానికి 24 అంగుళాల బారు బిగించడం బలం పెంచడం కాదు, తగ్గించడమే.

గొలుసు ఎన్నికలో మన నేల సంగతి తలచుకోవాలి. పదునైన మూలగల పళ్ల గొలుసు చల్లని దేశాల శుభ్రమైన మెత్తని కొయ్యలో వేగంగా సాగుతుంది. ఇక్కడి బెరడులో దుమ్ము, మొదట్లో ఇసుక, తోట గట్టున ఉన్న మానులో పాత మేకులు, కంచెతీగలు ఉంటవి. చింత, సరుగుడు కొయ్యల సాంద్రత కొన్ని దుంగలలో నీటి సాంద్రతకు దగ్గరగా వస్తుంది. ఇటువంటి చోట మూల కొంచెం గుండ్రనైన పళ్ల గొలుసే మేలు. వేగం కొంత తగ్గినా పదును నిలుస్తుంది. పదును పోయిందో లేదో తెలుసుకోవడానికి పరికరాలు అక్కరలేదు. రంపం నుంచి చిన్నచిన్న ముక్కలు రాలితే పన్ను బాగున్నట్లు. పిండి రాలితే ఆకురాయి పట్టవలసిన వేళ వచ్చినట్లు. మొద్దు గొలుసుతో 70 సి.సి. రంపం చేసే పనికన్న పదును గొలుసుతో 50 సి.సి. రంపం చేసే పనే ఎక్కువ.

ఈ సీమకు ప్రత్యేకమైన మరొక చిక్కు గాలి. మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున, దాని సమీపాన హార్సిలీకొండ సుమారు 1,265 మీటర్ల ఎత్తున ఉన్నవి. తీరంకన్న మదనపల్లెలో గాలి సాంద్రత 6, 7 శాతం, కొండమీద 12 శాతం తక్కువ. ఇంజను బలం దాదాపు అంతే తగ్గుతుంది. గాలి తగ్గి పెట్రోలు పాలు ఎక్కువైనప్పుడు రంపం పొగ కక్కుతుంది. మెకానిక్కు కార్బురేటరు మర బిగించి పెట్రోలు తగ్గిస్తాడు. అదే రంపాన్ని ఆ అమరికతోనే దిగువ ప్రాంతానికి తీసుకుపోతే గాలి ఎక్కువై, పెట్రోలు చాలదు. పెట్రోలులో కలిసిన నూనెయే ఈ ఇంజనుకు కందెన గనుక అదీ చాలదు, పిస్టను గీరుకుపోతుంది. దీనికి తోడు నేటి పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాలు ఉంటున్నది. అది తేమను పీల్చుకుంటుంది. అనేక రంపాల సూచన పుస్తకాలు 10 శాతం వరకే అనుమతిస్తున్నవి. కనుక ఏ రంపానికి ఎంత వరకు తగునో కొనకముందే చదవాలి. పని లేని రోజులలో ట్యాంకు ఖాళీచేసి ఉంచాలి.

పై లెక్కలన్నిటికన్న ముఖ్యమైనది ఒకటి మిగిలింది. రంపం కొనేవాడు తరచుగా ఒకడు, పట్టేవాడు ఇంకొకడు. డబ్బు యజమానిది, చేతులు కూలివానివి. బారు, గొలుసు, పెట్రోలు కలపకుండానే 50 సి.సి. వృత్తిరంపం 5 కిలోలు, 70 సి.సి. రంపం 6 కిలోలకు పైన, 90 సి.సి. రంపం 7 కిలోలకు పైన తూగుతవి. దినమంతా మోసే చేతికి ఆ ఒక్క కిలో చిన్నది కాదు.

బరువు కంటికి కనబడుతుంది, కంపనం కనబడదు. ఫిన్లాండులోని సువొముస్సల్మి ప్రాంతపు అటవీ కార్మికులలో, రంపపు కంపనం వల్ల వేళ్లకు రక్తం సరిగా అందక తెల్లబడే జబ్బు 1972లో 100కి 40 మందిలో కనబడింది. 1990 నాటికి అది 5కు తగ్గింది. ఆ మధ్యకాలంలో రంపాల కంపన త్వరణం సెకనుకు సెకనుకు 14 మీటర్ల నుంచి 2 మీటర్లకు తగ్గించబడింది. మన ఎండలలో వేళ్లు తెల్లబడడం అంతగా కనబడదు. తిమ్మిరి, పట్టు తప్పడం మాత్రం ఇక్కడా వస్తవి. అందుచేత జబ్బు లేదనుకోవడం పొరపాటు.

బారు కొన పైభాగం కొయ్యకు తగిలినప్పుడు రంపం ఎగిరి మనిషి మీదికి రావడం మరొక ప్రమాదం. గొలుసు సెకనుకు 20 మీటర్లకు పైగా పరుగెత్తుతుంది. మనిషి ఉలికిపడి చెయ్యి కదపడానికి సెకనులో అయిదవ వంతు పడుతుంది. రంపం అంతకన్న ముందే ముఖాన్ని చేరగలదు. గొలుసును ఆపే బ్రేకు పనిచేయని రంపం ఎంత చౌకైనా అది బేరం కాదు.

ఇంతకూ తేలేదేమిటి? ఈ సీమలో ఒక్క రంపమే కొనగలిగినవారికి 50 సి.సి. దరిదాపుల, 3 కిలోవాట్ల శక్తి, 16 లేక 18 అంగుళాల బారు, కంపనాన్ని అణచే స్ప్రింగులు, నమ్మకమైన బ్రేకు గల వృత్తిరంపం తగును. మామిడి, వేప, నీలగిరి పనులు దానితో సాగుతవి. మహావృక్షమైన చింతకు 70 సి.సి. రంపాన్ని ఆ రోజుకు అద్దెకు తెచ్చుకోవడమే లాభం. ఊతకర్రలకు అంతకన్న తేలిక రంపం చాలు. విడిభాగాలు దగ్గరలో దొరకని రంపం ఎంత మంచిదైనా ఒక సీజనులో మూలపడుతుంది. ఏ రంపమైనా, 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం అనుమతి అవసరమైన చెట్టుకు అది పొందిన తరువాతనే దాని పని.

అన్ని పనులకూ పనికివచ్చే రంపం అంటే ఏ పనికీ అత్యుత్తమం కానిదని అర్థం. ఆ సంగతి ఒప్పుకొని కొంటే తప్పులేదు. ఐతే దుకాణంలో బేరమాడే ముందు, దినమంతా ఆ రంపం పట్టవలసిన మనిషిని వెంటబెట్టుకుపోయి, ఒకసారి అతని చేతికిచ్చి చూడడం ఏ పట్టికకన్నా మంచి పరీక్ష. ఆ రంపంతోపాటు హెల్మెటు, చెవిమూతలు, కాళ్లకు గొలుసు తెగని వస్త్రం కొనడానికి డబ్బు మిగలకపోతే, కొన్నది శక్తికి మించిన రంపమే.