సొరదంతం దొరికితే చాలునా?

అల్వాల్ చెరువులో ఎంత లోతుకు మునిగినా సొరచేప శిలాజదంతం దొరకదు. మేడ్చల్, శామీర్‌పేటల దాకా ఈ నేలకు ఆధారం సుమారు 250 కోట్ల ఏళ్ళనాటి గ్రానైటు శిల. సొరచేపలు పుట్టడానికి ఎన్నో కోట్ల ఏళ్ళ ముందే అది చల్లారి గట్టిపడినది. అయితే అమెరికా నదుల్లో మునిగి సొరదంతాలు తీసే సాహసచిత్రాలు ఇక్కడి విద్యార్థి కంట కూడా పడుతున్నవి. వాటిని వినోదంగా చూడటంలో తప్పు లేదు. పాఠంగా చూసినప్పుడే పరిశీలన అవసరం.

దక్షిణ కరోలినా రాష్ట్రంలోని కూపర్ నదిని తీసుకుందాం. ఆకులు, వేళ్ళు ఊరి నీరు డికాషన్ వలె నల్లబడి ఉంటుంది. ఆటుపోట్లు ఈతగానిని లాగివేస్తుంటవి. దీపమున్నా మూరెడు దూరం కనబడటం కష్టం. అతడు అడుగున గులకరాళ్ళను తడుముకుంటూ పోయి, అరచేతిని నింపే మెగలోడాన్ పన్నును పైకి తెస్తాడు. ఆ ధైర్యం మెచ్చదగినదే. సొరచేప అస్థిపంజరం మృదులాస్థి కనుక సాధారణంగా నశిస్తుంది; పళ్ళు మాత్రం జీవితాంతం ఊడి కొత్తవి వస్తూ, వేల సంఖ్యలో మిగులుతవి. అందుకే ఈ వేట సాధ్యమైనది.

లోపమెక్కడ? ఈ చిత్రాల్లో కథానాయకుడు పన్ను పరిమాణమే. ఎన్ని అంగుళాలు, ఎంత ధర అన్న ప్రశ్నలు వినబడతవి; ఏ పొరలోనిది అన్న ప్రశ్న అరుదు. నది గట్లను కోసి, వేర్వేరు కాలాల వస్తువులను ఒకేచోట పోగుచేస్తుంది. మెగలోడాన్ సుమారు 36 లక్షల ఏళ్ళ క్రితమే అంతరించినది. ఆ గులకరాళ్ళలోనే మంచుయుగపు మామత్ పళ్ళు, 18వ శతాబ్దపు సీసాలు కూడా దొరుకుతవి. ఇవన్నీ పక్కపక్కన చూసిన విద్యార్థి సొరచేపను, మామత్‌ను సమకాలికులుగా భావిస్తే తప్పు అతనిది కాదు. ఆ రాష్ట్రం ఇటువంటి ఈతగాళ్ళకు లైసెన్సు ఇచ్చి, మూడు నెలలకొకసారి నివేదిక కోరుతుంది. నివేదిక రాసే ఘట్టం తెరమీద రక్తి కట్టకపోవచ్చు. ఉపాధ్యాయునికి కావలసినది మాత్రం అదే.

1667లో స్టెనో, సొరచేప తలను కోసి పరీక్షించి, జనం 'నాలుకరాళ్ళు' అనే శిలాజాలు సొరపళ్ళేనని వాదించినాడు. అంతటితో ఆగక, అవి రాతిలోకి ఎట్లా చేరినవో ఆలోచించి 1669లో శిలాపొరల క్రమాన్ని వివరించినాడు. పన్ను కంటె దాని చిరునామా అతన్ని ఎక్కువ దూరం నడిపించినది.

ఆ చిరునామా విలువ తెలంగాణలోనే కనబడుతుంది. ఆసిఫాబాదు ప్రాంతంలోని మలేరి ఎర్రమన్నుల వయస్సు సుమారు 22 కోట్ల ఏళ్ళు. వాటిలోని జెనకాంథస్ అనే ప్రాచీన సొరజాతి పళ్ళకు 1980లో ఎస్. ఎల్. జైన్ 'ఇండికస్' అని పేరు పెట్టినారు. చిన్న పళ్ళవి. "సొరపన్ను ఉన్నది కనుక అక్కడ సముద్రం ఉండేది" అని తరగతిలో చెప్పబోయే ఉపాధ్యాయుడు ఒక్క క్షణం ఆగాలి. ఆ పొరల్లోనే ఊపిరితిత్తుల చేపల పళ్ళు, మంచినీటి ఆల్చిప్పలు ఉన్నవి. అది నదులు, మడుగుల దేశం. ఆ సొరచేపలు మంచినీటివి. ఇవే పళ్ళు గోదావరి ఇసుకలో విడిగా దొరికి ఉంటే, ఈ మాట చెప్పే సాక్షులు వెంట ఉండేవి కావు.

ఇటువంటి చిన్న అవశేషాల కోసం మునగనక్కరలేదు. మన్నును నానబెట్టి, సన్నని జల్లెడలో కడిగి, మిగిలిన నలుసులను సూక్ష్మదర్శిని కింద ఏరవలె. భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన పి. యాదగిరి 1986లో కోటా పొరల నుంచి లోంకిడియాన్ అనే మరొక సొరజాతిని వర్ణించినారు. హైదరాబాదు బిర్లా విజ్ఞాన కేంద్రంలో నిలబెట్టిన కోటసారస్ రాక్షసిబల్లి కూడా ఆ కోటా పొరలదే. దానిని చూడటానికి తల పైకెత్తవలె. దానితోపాటు ఆ పొరల్లో మిగిలిన సొరచేప పన్ను బియ్యపుగింజ కంటె చిన్నది.