పటేలు చూపు – సంఘము చూపు: నీటి యెద్దడిపై ప్రజలు తీయు వీడియో చిత్రములు

మన సాహిత్య విమర్శలో ‘దృష్టి’ యను మాట తఱచుగ వినవచ్చును. కవి యెచట నిలిచి లోకమును జూచెనో తెలిసిననే కావ్యముయొక్క విలువ తేలును. కెమెరా చేతబట్టిన వారికిని ఈ ప్రశ్న తప్పదు. నీటి కొఱతను గూర్చి దానిని అనుభవించు ప్రజలే తీయు వీడియో చిత్రములకు ఇదియే గీటురాయి యని నా యభిప్రాయము. దానిని సోదాహరణముగ నిరూపించుటయే ఈ వ్యాసమున నా ప్రయత్నము.

ఇందుకు ఉత్తమమైన ఉదాహరణము తెలుగునేలనే కలదు. జహీరాబాదు సమీపమున పస్తాపురమున 1983లో నెలకొన్న డెక్కన్ డెవలప్‌మెంటు సొసైటీ ఊరూర స్త్రీల సంఘములను కూర్చెను. సంఘములలోని వారు నిరుపేదలు, పెక్కురు దళితులు, అక్షరము నేర్వనివారు. దూరదర్శనమున కార్యక్రమ నిర్మాతగ పనిచేసి, ఈ సంస్థను నెలకొల్పినవారిలో నొకరైన పి.వి. సతీష్ 2023లో దివంగతులైరి. 1990 దశకము చివర ఆ స్త్రీలలో కొందఱు వీడియో విద్య నభ్యసించిరి. 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్టు ఏర్పడెను. 2008 అక్టోబరు 15న మాచునూరులో సంఘం రేడియో పలుకనారంభించెను.

తెలుగు బోధించు నన్ను అధికముగ నాకర్షించినది వారి పరిభాష. ఎత్తునుండి క్రిందికి జూపు దృశ్యమునకు వారు ‘పటేలు షాటు’ అని పేరిడిరి. దొర పైనుండి కూలివారిని జూచు చూపు అది. క్రిందనుండి పైకి జూపునది బానిస చూపు. అందఱు నేలపై నొక్క వరుసను గూర్చుండగా కంటికి కన్ను సమముగ జూచునది ‘సంఘం షాటు’. చలనచిత్ర శాస్త్రములోని సంజ్ఞలు కోణమును మాత్రమే తెలుపును. ఈ సంజ్ఞలు కోణము వెనుకనున్న యధికారమును గూడ తెలుపుచున్నవి. అనువాదముచే గాక అనుభవముచే పుట్టిన పరిభాష యెంత శక్తిమంతమో దీనివలన గ్రహింపవచ్చును.

వారి చిత్రములలో రెండవ గుణము ఓర్పు. వరంగల్లు రైతులు బీటీ ప్రత్తిపై ఏల కోపించిరో తెలుపుచు 2003లో వెలువరించిన చిత్రమునకై వారు ఒక పంటకాలము వెంట నడచిరి. విత్తునాటి యాశ, కోతనాటి నిట్టూర్పు ఒకే చిత్రమున నుండుటచేత వాదము తనంత తానే సిద్ధించును. విషయము ప్రత్తియైనను నీటికిని ఈ పద్ధతియే తగును. ఒక్కనాడు తీసిన నీటి చిత్రమున బిందెల వరుస మాత్రమే కనబడును, కారణము కనబడదు.

ఇక మా షోలాపురము సంగతి. ఇది వానలు తక్కువైన సీమ. ఊరికి ఉత్తరమున నున్న ఏకరూకు చెఱువు 1871 నాటిది. భీమానదిపై ఉజనీ జలాశయము 1980లో పూర్తియైనది. అది నూరు కిలోమీటర్లకు పైగా దూరమున నున్నది. దాని నీరే నగరమునకును, జిల్లాలోని చెఱకు తోటలకును ఆధారము. ఇంత నీరు చెంతనుండియు మా పద్మశాలీ పేటలలో నల్లా ప్రతిదినము రాదు. చాదరులు, తువాలులు నేయు ఈ వాడలలో నూలునకు రంగు వేయుటకు నీరు కావలెను. ఇంట వంటకు నీరు కావలెను. స్త్రీలు పెక్కురు బీడీలు చుట్టుదురు. కూలి వేయి బీడీల లెక్క. నల్లాకై నిలిచిన ప్రతి గడియయు ఆ లెక్కలో తఱుగు.

మా బడి పిల్లలు కొందఱు గత వేసవిలో ఈ యెద్దడిని సెల్‌ఫోనులతో చిత్రించి తెచ్చిరి. మొదటివి యన్నియు మేడమీదినుండి తీసినవే: బిందెలు, తలలు, తగవు. తరగతి యంతయు నవ్వెను. ఆ గుంపులో తన అవ్వను గుర్తించిన యొక బాలిక మాత్రము నవ్వలేదు. నేనప్పుడు పటేలు షాటు సంగతి చెప్పితిని. మరుసటి వారము ఆమె అవ్వ ప్రక్కనే గడపమీద గూర్చుండి తీసిన చిత్రము తెచ్చెను. అందు తగవు లేదు. అవ్వ బీడీ చుట్టుచు నల్లా చప్పుడునకు చెవి యొగ్గియుండును. చప్పుడు వినగానే చాటను నెట్టి లేచును. సగము చుట్టిన ఆకు చాటలో నట్లే విచ్చుకొనును. ఎవ్వరును నవ్వలేదు.

అయినను విమర్శకుడు ఇచట నాగరాదు. ఈ చిత్రము జాలిని పుట్టించును గాని ప్రశ్నను పుట్టింపదు. నీరు ఏ దినమున, ఎన్ని గంటలకు, ఎంతసేపు వచ్చెను? ప్రక్క పేటకు ఎప్పుడు వచ్చెను? గొట్టము వెంట చెఱువువఱకు నడచిన కెమెరాయే దీనికి బదులు చెప్పగలదు. 2016 నుండి 2019 వఱకు మహారాష్ట్రమున జరిగిన ‘సత్యమేవ జయతే వాటర్ కప్’ పోటీలలో పానీ ఫౌండేషను వారి శిక్షణ చిత్రములు పల్లెవారికి కట్టలు వేయుట, కందకములు త్రవ్వుట నేర్పినవి. మా జిల్లా పల్లెలును వానివలన మేలుపొందినవి. కాని పేటవాసికి త్రవ్వుటకు కందకము లేదు. అడుగుటకు లెక్క యున్నది. అందుచేత అతని చిత్రము వేఱుగ నుండవలెను.

భాషా సమస్య మఱొకటి. అవ్వ మాట తెలుగు. కచేరీ మాట మరాఠీ. అధికారికి తెలియుటకై పిల్లలు అవ్వచేత మరాఠీ పలికింపజూచిరి. ఆమె మాట తడబడెను. ముఖమున బెదరు గన్పట్టెను. కెమెరా సమముగ నున్నను చూపు బానిస చూపాయెను! అవ్వను తెలుగుననే మాటలాడనిచ్చి, మరాఠీ తాత్పర్యమును క్రింద వ్రాయుట యుక్తము. 1967లో కెనడాలోని ఫోగో ద్వీపమున బెస్తల సమస్యలను చిత్రించినవారు, ఆ చిత్రములను ముందుగ ద్వీపవాసులకే చూపి, పిమ్మట ప్రభుత్వమునకు జూపిరి. ఆ క్రమము మనకును ఆదర్శప్రాయము. మొదట వాడ చూడవలెను. తరువాత కచేరీ చూడవలెను.

కావున సమమైన చూపు, కాలము వెంట నడచు నోర్పు, సొంత నుడి – ఈ మూడును గలిగిన చిత్రమే నీటి విషయమున సార్థకమగును. ఆ బాలిక ఇప్పుడు నల్లా వచ్చిన దినములను గోడమీద బొగ్గుతో గుర్తించుచు, వారమున కొకమాఱు ఆ గోడను చిత్రించుచున్నది. చిత్రము ఇంకను పూర్తికాలేదు. పూర్తియైననాడు దానిని చూచి గుణదోషములు చెప్పుటకు మా వాడ పెద్దలు సిద్ధముగ నుందురని ఆశించుచున్నాను.